సూర్యోదయానికి కాస్త ముందు పుట్టినవాళ్లకి ఫార్చ్యూన్ లాట్: పగటి లెక్కా, రాత్రి లెక్కా?

ఉషోదయం_92
నా గ్రీకు జాతక చక్రంలో ఫార్చ్యూన్ లాట్ (లగ్నం, రవి, చంద్రుడి స్థానాల నుంచి లెక్కగట్టే అదృష్ట బిందువు) ఎక్కడుందో తేలక పిచ్చెక్కుతోంది. పుట్టింది కోస్తాలో, జులై మొదటి వారం, తెల్లవారుజామున 5:25కి. ఆ రోజు సూర్యోదయం 5:40 ప్రాంతం. సాయనంలో (విషువత్తు నుంచి రాశులు లెక్కేసే పద్ధతిలో) లగ్నం కర్కాటకం 10 డిగ్రీలు, రవి కర్కాటకం 14, చంద్రుడు తుల 20. ఒక సాఫ్ట్‌వేర్ లాట్ తుల 16 అంటోంది. ఇంకోటి మేషం 4 అంటోంది. సరిగ్గా ఎదురెదురు రాశులు!

తులైతే అధిపతి శుక్రుడు. ఆయన మిథునంలో ఉన్నాడు, అంటే లగ్నం నుంచి పన్నెండులో. మేషమైతే అధిపతి కుజుడు. ఆయన వృషభంలో, పదకొండులో. ఒకచోట చదివితే "సంపాదన నిలవదు", ఇంకోచోట చదివితే "లాభస్థానం, ఢోకా లేదు". ఒకే మనిషికి రెండు జాతకాలా? ఏది నమ్మాలి?

తెనాలి_కుర్రోడు
పదకొండు ఉన్నదే నమ్మెయ్యండక్కా, ఖర్చు లేదు 😀

లెక్కల_మాస్టారు
ముందు లెక్క చూద్దాం. సూత్రం ఇది: పగలు పుట్టినవాళ్లకి రవి నుంచి చంద్రుడి దాకా ఎంత దూరమో కొలిచి, అంత దూరం లగ్నం నుంచి ముందుకు వెయ్యాలి. రాత్రి పుట్టినవాళ్లకి చంద్రుడి నుంచి రవి దాకా కొలవాలి. మేషం 0 నుంచి లెక్కేస్తే మీ లగ్నం 100, రవి 104, చంద్రుడు 200.

పగలు: 100 + 200 − 104 = 196. తుల 16.
రాత్రి: 100 + 104 − 200 = 4. మేషం 4.

రెండు సాఫ్ట్‌వేర్లూ కూడికలో తప్పు చెయ్యలేదు. మొదటిది మీది పగటి జననం అనుకుని ఉండాలి, లేదా రాత్రికి తిరగెయ్యడం అనేదే దానిలో లేకుండా ఉండాలి. సెట్టింగ్స్‌లో చూడండి.

ఉషోదయం_92
చూశాను మాస్టారూ. మొదటిదాంట్లో "టాలెమీ పద్ధతి" అని ఉంది.

పాతగ్రంథాలు
అయితే విషయం తేలిపోయింది. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న ఖగోళ, జ్యోతిష పండితుడు టాలెమీ పగలైనా రాత్రైనా ఒకటే లెక్క వేస్తాడు. లగ్నానికి రవి ఎంత దూరంలో ఉన్నాడో, లాట్‌కి చంద్రుడు అంత దూరంలో ఉండాలన్నది ఆయన వాదన. ఆయన దృష్టిలో ఫార్చ్యూన్ అంటే చంద్రుడికి లగ్నం లాంటిది. పైగా ఆయన ఈ ఒక్క లాట్‌నే ఉంచుకుని మిగతావన్నీ వదిలేశాడు.

మిగతావాళ్లు చాలామంది ఆ దారిలో లేరు. జ్యోతిష్కుడు వెటియస్ వాలెన్స్ కూడా రెండో శతాబ్దం వాడే, ఆంటియోక్ నుంచి వచ్చినవాడు. ఆయన తిరగేస్తాడు. 378లో రాసిన జ్యోతిష్కుడు పౌలస్ తిరగేస్తాడు. రోమన్ కవి మనీలియస్ కూడా రాత్రికి తిరగెయ్యమనే చెప్పాడు. టాలెమీకి పేరు ఎక్కువ కాబట్టి తర్వాత ఐరోపాలో చాలామంది ఆయన లెక్కే పట్టుకున్నారు. నా ఓటు మాత్రం వాలెన్స్‌కే. ఆయన సిద్ధాంతం చెప్పి ఊరుకోలేదు, నూటికి పైగా జాతకాలు వేసి చూపించాడు.

వాలెన్స్_అభిమాని
పైన చెప్పిన ప్రతి మాటకీ +1. అయితే ఒకటి కలపాలి. రాత్రి సూత్రం మీద గొడవ ఆ రోజుల్లోనే ఉంది. పాత ఈజిప్టు గ్రంథాల్లో ఆ భాగం అర్థంకాకుండా రాశారని వాలెన్సే తన మూడో పుస్తకంలో దాన్ని ఎలా చదవాలో తర్జనభర్జన పడ్డాడు. కాబట్టి టాలెమీని మరీ తీసిపారెయ్యొద్దు.

సంధ్యారాగం
అసలు ప్రశ్న వదిలేసి సూత్రాల చరిత్రకి వెళ్లిపోయారు. ఆమె పుట్టేసరికి బయట వెలుతురు ఉంది కదా! 5:25 అంటే మన పల్లెటూళ్లలో అప్పటికే కళ్లాపి చల్లేసి ఉంటారు. రవి ఉదయించడానికి పావుగంట ముందు ఆకాశంలో నక్షత్రాలు కనిపించవు. అలాంటప్పుడు దాన్ని రాత్రి అని ఎలా అంటాం? నా లెక్కలో ఇది పగలే. తుల 16, అధిపతి శుక్రుడు.

పాతగ్రంథాలు
గ్రీకువాళ్లకి కొలత వెలుతురు కాదండీ, క్షితిజం. రవి భూమికి పైన ఉంటే పగలు, కింద ఉంటే రాత్రి. ఈమెకి రవి లగ్నం కన్నా 4 డిగ్రీలు వెనక ఉదయించాలి, అంటే ఇంకా కిందే ఉన్నాడు. రాత్రే.

సంధ్యారాగం
పుస్తకంలో "పైన", "కింద" అన్న మాట సరే. సంధ్యలో పుట్టిన జాతకం వాళ్లెవరైనా వేసి చూపించారా? చూపించండి, ఒప్పుకుంటాను.

పాతగ్రంథాలు
చూపిస్తాను, అదీ చిన్నాచితకా మనిషిది కాదు. రోమన్ చక్రవర్తి హేడ్రియన్, పుట్టింది 76 జనవరి 24. నికయాకి చెందిన జ్యోతిష్కుడు ఆంటిగొనస్ ఈ జాతకాన్ని వివరించాడు, ఆ భాగాన్ని థీబ్స్ వాడైన హెఫైస్టియో తన గ్రంథంలో భద్రపరిచాడు. అందులో లగ్నం, చంద్రుడు, గురుడు ముగ్గురూ కుంభం మొదటి డిగ్రీలో. రవి కుంభం 8లో. అంటే రవి 7 డిగ్రీలు కింద ఉన్నాడు, అచ్చం మన ఉష గారి పరిస్థితే, కాకపోతే ఇంకొంచెం ముందు.

ఈయన ఎందుకు చక్రవర్తి అయ్యాడో చెబుతూ ఆంటిగొనస్ చంద్రుడు తన వర్గంలో ఉన్నాడన్నది ఒక ముఖ్య కారణంగా ఎత్తి చెప్పాడు. రవి, గురుడు, శని పగటి వర్గం. చంద్రుడు, శుక్రుడు, కుజుడు రాత్రి వర్గం. చంద్రుడు తన వర్గంలో ఉన్నాడంటే అది రాత్రి జాతకం అనే కదా! రవి 7 డిగ్రీలు కింద ఉన్నా రాత్రి కిందే కట్టారు.

సంధ్యారాగం
ఇది మంచి ఉదాహరణే. కానీ 7 డిగ్రీలు వేరు, 4 డిగ్రీలు వేరు. రవి 1 డిగ్రీ కింద ఉన్నా రాత్రే అంటారా మీరు?

పాతగ్రంథాలు
అంటాను. గీత ఎక్కడో ఒకచోట గియ్యాలి. క్షితిజం అన్నది కంటికి కనిపించే గీత. మీ వెలుతురు గీత మబ్బు పట్టిన రోజున ఎక్కడ గీస్తారు?

కృష్ణాతీరం
హేడ్రియన్‌కి లాట్ వేసి చూడండి ఎవరైనా, ఆసక్తిగా ఉంది.

లెక్కల_మాస్టారు
కుంభం 0 అంటే 300. లగ్నం 301, చంద్రుడు 301, రవి 308.
రాత్రి సూత్రం: 301 + 308 − 301 = 308. కుంభం 8, సరిగ్గా రవి మీద, లగ్న రాశిలోనే.
పగటి సూత్రం: 301 + 301 − 308 = 294. మకరం 24, పన్నెండో రాశిలో.

చక్రవర్తికి ఏది నప్పుతుందో మీరే చెప్పండి.

కృష్ణాతీరం
మొదటిదే అనిపిస్తుంది. కానీ కుంభాధిపతి శని కదా. హేడ్రియన్‌కి శని మకరంలో ఉన్నాడు. లాట్ లగ్నంలో ఉన్నా అధిపతి పన్నెండులో కూర్చుంటే ఏం లాభం? అదీగాక పక్క రాశిలో ఉన్న గ్రహం లాట్‌ని చూడదు.

వాలెన్స్_అభిమాని
ఇక్కడే అసలు రుచి ఉంది, తొందరపడొద్దు.

గ్రీకు పద్ధతిలో లాట్ ఏ రాశిలో పడింది అన్నది సగం కథే. మిగతా సగం దాని అధిపతి దాన్ని చూస్తున్నాడా లేదా అన్నది. చూపు రాశుల మధ్య ఉంటుంది: ఒకే రాశి, మూడు పదకొండు, నాలుగు పది, అయిదు తొమ్మిది, ఏడు. పక్క రాశికీ, ఆరు, ఎనిమిది రాశులకీ చూపు లేదు. మన జ్యోతిషంలో లాగా కుజుడికి నాలుగు, ఎనిమిది, శనికి మూడు, పది అనే ప్రత్యేక దృష్టులు అక్కడ లేవు. ఇల్లుగలవాడికి తన ఇల్లు కనిపించకపోతే అందులో ఏం జరుగుతుందో పట్టించుకోలేడు, ఇంటికి కావలసినవి అందించలేడు.

అయితే దీనికి మినహాయింపు ఉంది. ఒకే గ్రహానికి చెందిన రెండు రాశులు ఒకదానికొకటి కనిపించకపోయినా బంధుత్వం ఉన్నవే అని పౌలస్ రాశాడు. మకరం, కుంభం రెండూ శనివే. కాబట్టి హేడ్రియన్ శని తన ఒక ఇంట్లో కూర్చుని రెండో ఇంటిని చూసుకుంటున్నాడు. పైగా స్వక్షేత్రంలో ఉన్నాడు. ఇంకా చూడండి: ఫార్చ్యూన్ నుంచి పదకొండో రాశిని వాలెన్స్ సంపాదన స్థానం అంటాడు. కుంభం నుంచి పదకొండు ధనుస్సు. దాని అధిపతి గురుడు ఎక్కడున్నాడు? లాట్‌తో పాటే కుంభంలో, లగ్నం డిగ్రీ మీద. అలాంటి జాతకానికి 117లో సామ్రాజ్యం చేతికొచ్చిందంటే ఆశ్చర్యమేముంది!

తెనాలి_కుర్రోడు
ఇది చదివాక నేను వెంటనే నాది వేసుకున్నా. నా పదకొండో రాశ్యాధిపతి ఆరులో ఉన్నాడు. సామ్రాజ్యం సంగతి అటుంచి నెలాఖరు గడవడం కష్టంగా ఉంది.

కృష్ణాతీరం
@వాలెన్స్_అభిమాని మకర కుంభాల సంగతి ఒప్పుకున్నా. మరి ఉష గారి కుజుడు వృషభంలో, లాట్ మేషంలో. ఇక్కడ ఆ బంధుత్వం వర్తిస్తుందా?

వాలెన్స్_అభిమాని
వర్తించదు. మేషానికి బంధువు వృశ్చికం, వృషభానికి బంధువు తుల. మేష వృషభాల మధ్య ఏ సంబంధమూ లేదు. కాబట్టి రాత్రి సూత్రం తీసుకుంటే అధిపతి మంచి చోట ఉన్నాడు కానీ తన లాట్‌ని చూడడం లేదు. పగటి సూత్రం తీసుకుంటే అధిపతి శుక్రుడు చెడ్డ చోట ఉన్నాడు కానీ మిథునం నుంచి తులని త్రికోణంలో చూస్తున్నాడు. ఉష గారూ, అందుకే "పదకొండు ఉంది కాబట్టి ఢోకా లేదు", "పన్నెండు ఉంది కాబట్టి నిలవదు" అని ఒక్క మాటలో చెప్పిన సాఫ్ట్‌వేర్ ఫలితం రెండూ పక్కన పెట్టమంటాను.

ఉషోదయం_92
ఈ చూపు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అయితే రెండూ సగం సగం అన్నమాట. టెన్షన్ తగ్గిందో పెరిగిందో అర్థం కావట్లేదు.

తాజిక_శాస్త్రి
మీరంతా గ్రీకు గ్రీకు అంటున్నారు గానీ ఇది మన దగ్గరా ఉంది. వర్షఫలంలో (తాజిక పద్ధతిలో ఏడాదికోసారి వేసే జాతకంలో) పుణ్య సహమం అని వేస్తాం కదా, అదే ఇది. పగలు చంద్రుడిలో నుంచి రవిని తీసి లగ్నం కలపాలి, రాత్రి తిరగెయ్యాలి. గ్రీకుల దగ్గర నుంచి పర్షియా, అరబ్బుల మీదుగా మనకి వచ్చింది. 1587 నాటి తాజిక నీలకంఠిలో సహమాల జాబితా పెద్దదే ఉంది. తిరగెయ్యడం మన పద్ధతిలోనూ ఉందంటే టాలెమీ వాదన ఒంటరిదేనని తెలుస్తోంది.

మనవాళ్లు ఇంకో నియమం చేర్చారు. తీసే గ్రహానికీ తీయబడే గ్రహానికీ మధ్య లగ్నం పడకపోతే ఒక రాశి కలపాలి. ఉష గారికి పగటి లెక్క వేస్తే రవి 104, చంద్రుడు 200, లగ్నం 100 మధ్యలో లేదు. కాబట్టి 30 కలిపితే 226, వృశ్చికం 16. రాత్రి లెక్కలో చంద్రుడు 200 నుంచి రవి 104 దాకా వెళ్లే దారిలో లగ్నం ఉంది, కలపనక్కర్లేదు, మేషం 4. వృశ్చికానికీ మేషానికీ అధిపతి కుజుడే! ఏ లెక్కైనా కుజుడే వస్తున్నాడు. గొడవ తీరింది.

లెక్కల_మాస్టారు
శాస్త్రి గారూ, తీరలేదండీ. తాజికంలో వేసేది నిరయనం, అంటే నక్షత్రాల నుంచి లెక్కేసే రాశిచక్రం. మీరు ఆమె సాయన స్ఫుటాల (గ్రహాల డిగ్రీల) మీద వేశారు. 24 డిగ్రీల అయనాంశ (ఈ రెండు పద్ధతుల మధ్య తేడా) తీస్తే లగ్నం మిథునం 16, రవి మిథునం 20, చంద్రుడు కన్య 26. పగటి లెక్క 172, దానికి 30 కలిపితే 202, తుల 22. రాత్రి లెక్క 340, మీనం 10. శుక్రుడూ గురుడూ వచ్చారు, కుజుడు పోయాడు. రవి చంద్రుల మధ్య దూరం ఏ పద్ధతిలోనైనా ఒకటే, దాన్ని వేసే లగ్నం మాత్రం 24 డిగ్రీలు వెనక్కి జరుగుతుంది కాబట్టి లాట్ కూడా అంతే జరుగుతుంది.

ఇంకొకటి. పుణ్య సహమం వేసేది ఆ ఏడాది వర్షప్రవేశ చక్రానికి. జన్మ చక్రం ఫార్చ్యూన్‌తో దాన్ని కలిపెయ్యకూడదు.

తాజిక_శాస్త్రి
నిరయనం సంగతి నిజమే. కానీ జన్మ చక్రానికి సహమాలు వేసేవాళ్లు మన వైపు ఉన్నారు, అది తప్పని నేననను.

డల్లాస్_వదిన
మరి గ్రీకువాళ్లు సాయనమా నిరయనమా? దానికి సమాధానం లేకుండా ఇంత దూరం వచ్చేశారు.

పాతగ్రంథాలు
టాలెమీ విషువత్తు నుంచి లెక్కేశాడు, అది స్పష్టం. వాలెన్స్ లాంటివాళ్ల స్ఫుటాలు నిరయనానికి దగ్గరగా ఉంటాయి. కానీ ఆ రోజుల్లో తేడా కొద్ది డిగ్రీలే. లాహిరి అయనాంశ సున్నా అయ్యేది 285లో. హేడ్రియన్ కాలానికి తేడా మూడు డిగ్రీల చుట్టుపక్కల. వాళ్లకి ఇది పెద్ద ప్రశ్న కాలేదు, మనకి 24 డిగ్రీలైంది కాబట్టి రాశులే మారిపోతున్నాయి.

డల్లాస్_వదిన
థాంక్స్ తమ్ముడూ. నా మీనం లాట్ కుంభానికి ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమైంది.

కొత్తగా_వచ్చా
ఫార్చ్యూన్ ఒకటేనా లాట్ అంటే? ఎరోస్ అని, నెసెసిటీ అని చదివాను. వాటికి కూడా ఒక్కోచోట ఒక్కో సూత్రం ఉంది.

వాలెన్స్_అభిమాని
ఏడు ముఖ్యం అని పౌలస్ చెప్పాడు. ఫార్చ్యూన్ చంద్రుడిది, స్పిరిట్ రవిది, ఎరోస్ శుక్రుడిది, నెసెసిటీ బుధుడిది, కరేజ్ కుజుడిది, విక్టరీ గురుడిది, నెమెసిస్ శనిది. ఆయన ఎరోస్‌ని శుక్రుడి నుంచి కడతాడు. వాలెన్స్ మాత్రం ఎరోస్, నెసెసిటీ రెండూ ఫార్చ్యూన్, స్పిరిట్‌ల మధ్య దూరం నుంచే కడతాడు, గ్రహాల జోలికి పోడు. రెండూ కలిపి వాడొద్దు, ఒక గురువుని పట్టుకోండి. ఇక తండ్రికి, తల్లికి, పెళ్లికి, సంతానానికి వేరే లాట్లు ఉన్నాయి, మొదటి శతాబ్దపు జ్యోతిష్కుడు డొరోథియస్ దగ్గర దొరుకుతాయి. అరబ్బుల కాలానికి ఈ జాబితా ఎంత పెరిగిందంటే 1029లో పండితుడు అల్ బిరూనీ వీటిని లెక్కపెట్టడం అయ్యే పని కాదని విసుక్కున్నాడు.

సంధ్యారాగం
మళ్లీ నా పాయింట్‌కి వస్తాను. ఉష గారూ, మీ జీవితం గురించి రెండు ముక్కలు చెప్పగలరా? ఇష్టమైతేనే.

ఉషోదయం_92
పర్లేదు. నర్సింగ్ చేశాను. ఇక్కడ కొన్నాళ్లు పనిచేసి, తర్వాత మస్కట్ వెళ్లాను. చాలా ఏళ్లు అక్కడే. డబ్బు వచ్చింది, ఇల్లు కట్టుకున్నాం, కానీ ఇంటికి దూరంగా ఉండటం బాధే.

సంధ్యారాగం
ఇంతకన్నా ఏం కావాలి! లాట్ అధిపతి శుక్రుడు పన్నెండులో, అంటే సొంత ఊరికి దూరంగా. తుల లాట్ నుంచి లెక్కేస్తే మిథునం తొమ్మిదో రాశి, అంటే విదేశం. పన్నెండు గ్రీకుల్లో రోగులు, బాధలు ఉన్న చోటు కూడా. పగటి లెక్కే.

కృష్ణాతీరం
ఆగండాగండి. నర్సు అంటే రక్తం, కత్తులు, గాయాలు. అది కుజుడి పని. కుజుడు మేషం లాట్ నుంచి రెండో రాశిలో, అంటే దాని మీదే జీవనోపాధి. లగ్నం నుంచి పదకొండులో, మంచి దైవం స్థానం. రాత్రి జాతకంలో కుజుడు తన వర్గంలో ఉంటాడు కాబట్టి మంటపుట్టించడు, పనికొస్తాడు. కానీ లాట్‌ని చూడడు, అందుకే సంపాదన ఉన్నా ఇల్లు కంటికి దూరం. ఇది అక్షరాలా రాత్రి లెక్కే!

తెనాలి_కుర్రోడు
ఒకటే నర్సు ఉద్యోగం, రెండు గ్రహాలూ మాదంటే మాదని కొట్టుకుంటున్నాయి 😀

లెక్కల_మాస్టారు
నాకు నచ్చనిది ఇదే. జీవితం విన్నాక దేనికైనా అన్వయించొచ్చు. సంధ్య గారూ, కృష్ణా గారూ, ఇద్దరిదీ తప్పు పద్ధతి అంటాను. సూత్రం ముందే ఖాయం చేసుకుని, ఆ తర్వాతే జీవితం వైపు చూడాలి. వాలెన్స్ జాతకాలు పోగేసింది కూడా ఒకే నియమాన్ని చాలామంది మీద పెట్టి చూడటానికి. ఓడలో తుఫానుకి చిక్కుకున్న ఆరుగురి జాతకాలు పక్కపక్కన పెట్టి, ఆపద అందరికీ ఒకేసారి ఎలా వచ్చిందో చూపించాడు. ఒక్క మనిషి జీవితంతో సూత్రం తేలదు.

కృష్ణాతీరం
ఆ మాట నిజమే మాస్టారూ. కానీ ఖాయం చేసుకోవడం అన్నా ఏదో ఒకదాని మీద ఆధారపడాలి కదా. నాకు హేడ్రియన్ ఉదాహరణ చాలు.

సంధ్యారాగం
నాకు చాలదు. ఒక్క జాతకంతో నా మాట తేలనట్టే ఒక్క చక్రవర్తితో మీ మాటా తేలదు. మరో సంధ్యా జాతకం దొరికేదాకా నేను పగలనే అంటాను.

పాతగ్రంథాలు
ఒకటి గుర్తుపెట్టుకోండి. పగలా రాత్రా అన్నది లాట్ ఒక్కదానితో ఆగదు. పగలంటే కుజుడు వర్గం బయట పడి గట్టిగా దెబ్బ కొడతాడు, శని మెత్తబడతాడు. రాత్రంటే దానికి తిరుగుడు. త్రికోణాధిపతుల (ఒకే తత్వానికి చెందిన మూడు రాశులకి కలిపి ఉండే అధిపతుల) వరుస కూడా మారుతుంది. మేషానికి పగలు రవి ముందు, గురుడు తర్వాత. రాత్రి గురుడు ముందు, రవి తర్వాత. శని ఎప్పుడూ తోడుగా ఉండేవాడు. సంపద చూడటానికి డొరోథియస్ ముందు వర్గపు వెలుగుకి త్రికోణాధిపతులెవరో చూస్తాడు, పగలైతే రవికి, రాత్రైతే చంద్రుడికి. ఆ తర్వాతే లాట్ దగ్గరికి వస్తాడు. కాబట్టి సంధ్య గారు లాట్‌కి పగలు అని, కుజుడికి రాత్రి అని చెప్పడానికి లేదు.

సంధ్యారాగం
నేనలా చెప్పలేదే! పగలంటే అన్నిటికీ పగలే.

వాలెన్స్_అభిమాని
ఉష గారికి ఒక మంచి వార్త మిగిలి ఉంది. కుజుడు లాట్‌ని చూడటం లేదు సరే. మేషానికి ఉచ్ఛ అధిపతి ఎవరు? రవి. మీ రవి కర్కాటకం నుంచి మేషాన్ని నాలుగు పది చూపుతో చూస్తున్నాడు, లగ్న రాశిలో ఉండి మరీ చూస్తున్నాడు. ఇంటి యజమాని చూడకపోయినా గౌరవంగా చూసుకునేవాడు ఒకడున్నాడు. లాట్ లగ్నం నుంచి పదో రాశిలో ఉంది, అది చిన్న విషయం కాదు. రాత్రి లెక్క తీసుకుంటే నేను ముందు చెప్పేది ఇదే.

తెనాలి_కుర్రోడు
రవి ఉచ్ఛ గ్రీకుల్లోనూ మేషమేనా?

వాలెన్స్_అభిమాని
రాశి అదే, డిగ్రీ వేరు. వాళ్లకి రవి 19, మనకి 10. గురుడు కర్కాటకంలో వాళ్లకి 15, మనకి 5. చంద్రుడు వృషభం 3, కుజుడు మకరం 28, బుధుడు కన్య 15, శుక్రుడు మీనం 27 రెండు చోట్లా ఒకటే. శని తులలో వాళ్లకి 21, మనకి 20.

తెనాలి_కుర్రోడు
ఇంత దగ్గరగా ఉంటాయని తెలీదు!

లెక్కల_మాస్టారు
ఉష గారూ, ఆ 5:25 ఎక్కడిది? ఆసుపత్రి కాగితమా, ఇంట్లోవాళ్ల జ్ఞాపకమా? ఎందుకంటే లగ్నం నాలుగు నిమిషాలకి సుమారు ఒక డిగ్రీ కదులుతుంది, లాట్ కూడా దానితో పాటే కదులుతుంది. పగటి లెక్కలో తుల 16 రాశి మధ్యలో ఉంది, పావుగంట అటూ ఇటూ అయినా శుక్రుడే. రాత్రి లెక్కలో మేషం 4 అంచున ఉంది. మీరు అసలు 5:05కి పుట్టి ఉంటే లాట్ మీనంలోకి పోతుంది, అధిపతి గురుడైపోతాడు. అటు 5:45కి పుట్టి ఉంటే రవి పైకి వచ్చేసినట్టే, ఇంత చర్చే అక్కర్లేదు, పగలే.

ఉషోదయం_92
అమ్మ చెప్పిన టైమ్ అది. మా ఊళ్లో ఇంట్లోనే పురుడు పోశారు. రేడియో పెట్టకముందే పుట్టానని అమ్మమ్మ అనేదట. ఆ రోజుల్లో ప్రసారాలు ఎన్నింటికి మొదలయ్యేవో ఎవరికైనా తెలుసా?

డల్లాస్_వదిన
అమ్మని ఇంకోటి కూడా అడుగమ్మా. పురుడయ్యేసరికి దీపం పెట్టుకుని ఉన్నారా, ఆర్పేశారా అని. మంత్రసాని బొడ్డు కోసిన వేళ కొందరు గుర్తుపెట్టుకుంటారు, పుట్టిన వేళ కాదు. ఆ తేడా కూడా కనుక్కో.

ఉషోదయం_92
ఈ ఆదివారం ఫోన్ చేసి అడుగుతాను వదినా. మాస్టారూ, టైమ్ తెలిశాక ఇక్కడే పెడతాను, స్పిరిట్ లాట్ కూడా వేసి చూడాలి.

లెక్కల_మాస్టారు
స్పిరిట్‌కి కొత్త లెక్క అక్కర్లేదు. ఫార్చ్యూన్ లగ్నానికి ఒక వైపు ఎంత దూరంలో ఉంటే స్పిరిట్ రెండో వైపు అంతే దూరంలో ఉంటుంది. మీకు రాత్రైతే ఫార్చ్యూన్ మేషం 4, స్పిరిట్ తుల 16. పగలైతే రెండూ చోట్లు మార్చుకుంటాయి. టైమ్ పెట్టండి, మిగతాది చూద్దాం.